ఆరుగురు అమ్మల మందుల డబ్బా

ఫార్మసీ చదువుతున్న మా మేనకోడలి కూతురు ఆమధ్య ఫోన్ చేసి, "అమ్మమ్మా, నీ సర్వీసులో మర్చిపోలేని కేసు ఒకటి చెప్పవా? క్లాసులో మాట్లాడాలి" అంది. ఏదో అంతుచిక్కని జబ్బు, నేను చిటికెలో కనిపెట్టేసిన వైనం లాంటిది వస్తుందని ఆశపడింది పాపం. నేను ఒక బిస్కెట్ డబ్బా గురించి చెప్పాను. మొదట్లో కాస్త నిరుత్సాహపడింది గానీ చివరిదాకా ఫోన్ పెట్టలేదు. తనకు చెప్పిందే, ఈ వృత్తిలోకి వస్తున్న మిగతా పిల్లల కోసం కూడా రాస్తున్నాను.

మా ఫార్మసీ కెనడాలోని బ్రాంప్టన్‌లో ఒక ప్లాజాలో ఉండేది. ఒకపక్క మిఠాయి షాపు, రెండోపక్క ఇమిగ్రేషన్ కన్సల్టెంట్. షుగరు ఆ పక్క, బీపీ ఈ పక్క తెచ్చుకుని అందరూ చివరికి మన దగ్గరికే వస్తారని మా ఓనరు నవ్వేవాడు. స్టూడెంట్లు వెల్లువలా వచ్చిపడ్డ ఏళ్ళవి. బస్సు ఆగిందంటే ముందు బ్యాక్‌ప్యాకులు దిగేవి, వాటి కింద మనుషులు తర్వాత కనిపించేవారు. పంజాబ్ పిల్లలు, గుజరాత్ పిల్లలు, వాళ్ళ వెనకే మన వరంగల్, ఖమ్మం, భీమవరం పిల్లలు. పొద్దున కాలేజీ, సాయంత్రం వేర్‌హౌస్, పడుకోవడానికి ఎవరిదో బేస్‌మెంట్. నేను తెనాలిలో ఫార్మసీ చదివి, ఇక్కడికొచ్చి లైసెన్సు చేతికొచ్చేలోపు షాంపూలు సర్దుతూ కొన్నేళ్ళు గడిపినదాన్ని. అందుకని ఆ పిల్లలు వేర్‌హౌస్ బూట్లతో వచ్చి కౌంటర్ ముందు నిలబడితే నాకు వాళ్ళ మీద కోపం వచ్చేది కాదు. మిగతా అందరి మీదా వచ్చేది.

మా టెక్నీషియన్ పంజాబీ ఆవిడ. మాత్రలు సీసాలో పోసి లేబుల్ అంటించడం ఆమె పని. కేకలేయడం ఆమె అసలు పనేమోనని నేను చాలాకాలం అనుకున్నాను. ఏ స్టూడెంట్ వచ్చినా సరే, మందుల సంచీ చేతికిచ్చే ముందు షాపంతా వినపడేలా, "ఇంటి నుంచి సూట్‌కేసులో ఏం మందులు తెచ్చుకున్నావ్ బేటా?" అని అడిగేది. కంప్యూటర్లో ఇక్కడ కొన్నవే కనపడతాయి, అమ్మ సర్ది పంపినవి కనపడవు కదా అని ఆమె వాదన. సొంతింటి బేస్‌మెంట్‌ని స్టూడెంట్లకి అద్దెకిచ్చిన అనుభవంతో చెప్పేది. మొదట్లో విసుక్కున్నాను. తర్వాత నేనూ అదే ప్రశ్న అడగడం నేర్చుకున్నాను, గొంతు మాత్రం తగ్గించి.

నేను చెప్పబోయే అమ్మాయి చలి మొదలవుతున్న రోజుల్లో వచ్చింది. భీమవరం వైపు పిల్ల. ముందు షాంపూల దగ్గర నిలబడింది, తర్వాత టూత్‌పేస్టుల దగ్గరికి జరిగింది. క్యూలో ఒక తెలుగబ్బాయి ఉన్నాడు. అతను మందులు తీసుకుని వెళ్ళేదాకా ఒక పేస్టు డబ్బా మీద రాసిందంతా చదువుతూ నిలబడి, అతను తలుపు దాటాక వచ్చి ప్రిస్క్రిప్షన్ ఇచ్చింది. కాలేజీ క్లినిక్ డాక్టర్ రాసిన ట్రాజడోన్. డిప్రెషన్‌కి ఇచ్చే మందుల్లో బాగా మత్తుగా నిద్ర పట్టించే రకం.

పక్కనున్న చిన్న గదిలో కూర్చోబెట్టి తలుపు వేశాను.

"ఇది నిద్ర మాత్రే కదాంటీ?" అని అడిగింది.

"నిద్ర పట్టిస్తుందమ్మా. అలాగని కావాల్సిన రోజు వేసుకుని, వద్దనుకున్న రోజు మానేసేది కాదు. నిద్ర ముందే వస్తుంది. మనసు తేలికపడటానికి కొన్ని వారాలు పడుతుంది. ఈలోపు ఇదేం పనిచేయట్లేదని నీ అంతట నువ్వు ఆపేయకు."

కొంచెం ఏదైనా తిని, పడుకోబోయే ముందు వేసుకోమన్నాను. ఒక్కసారిగా లేస్తే కళ్ళు తిరుగుతాయి, మంచం మీద కాసేపు కూర్చుని అప్పుడు లేవమన్నాను. మత్తు వదలకుండా కారెక్కొద్దనీ, వేర్‌హౌస్‌లో మెషిన్ల జోలికి వెళ్ళొద్దనీ, బీరూ వైనూ దీనితో కలవవనీ చెప్పాను. నీ వయసువాళ్ళకి మొదటి వారాల్లో ఒక్కోసారి ఆలోచనలు ఇంకా చెడ్డగా రావచ్చు, అలా అనిపిస్తే మొహమాటపడకుండా డాక్టర్‌కో నాకో ఫోన్ చెయ్యి, మరీ భరించలేకపోతే హాస్పిటల్‌కే వెళ్ళు అన్నాను. ఇంటి నుంచి తెచ్చుకున్న మందులేమైనా వాడుతున్నావా అంటే లేదంది. అప్పటికి అది నిజమే. జలుబుకైనా సరే, కొత్తగా ఏది వేసుకున్నా ముందు నన్ను అడగమని మా నంబరు ఆమె ఫోన్లో నేనే కొట్టి ఇచ్చాను.

లేవబోతూ, "సీసా మీద ఈ స్టిక్కర్ తీసేసి ఇస్తారా ఆంటీ?" అంది.

"లేబుల్ లేని మందు ఈ షాపు గడప దాటదు."

"మా రూమ్మేట్స్ చూస్తారు. ఆళ్ళు ఇంట్లో చెబితే అమ్మకి తెలిసిపోద్ది. మీరు కూడా ఎవరికీ చెప్పరు కదా? ఏమీ అనుకోకండే, మీరు తెలుగువాళ్ళు కదాని..."

ఏమీ అనుకోకుండా ఎలా ఉంటాను? ఇన్నేళ్ళ లైసెన్సు, ఇంత చట్టం, గోడ మీద ఆ పెద్ద ఫ్రేము ఉండగా, నేను తెలుగుదాన్ని అన్న ఒక్క కారణంతో ఆ పిల్లకి నా మీద నమ్మకం కుదరలేదు. మనసు చివుక్కుమంది. నా నోరు దాటదని మాటిచ్చి పంపించాను.

వారం పదిరోజులకి నేనే ఫోన్ చేశాను. పొద్దున్నే తల దిమ్ముగా ఉంటోందనీ, అందుకని షిఫ్ట్ ఉన్న రోజు మాత్ర మానేస్తున్నాననీ తాపీగా చెప్పింది. తిట్టాలనిపించింది గానీ తిట్టలేదు. డాక్టర్‌తో మాట్లాడి, ఆమె షిఫ్ట్ వేళలకి సరిపడేలా, నిండుగా నిద్రపోవడానికి వీలున్న సమయానికి మార్పించాం. కొన్ని వారాలు గడిచాయి. రీఫిల్‌కి వచ్చినప్పుడు ఈసారి షాంపూల దగ్గర ఆగకుండా నేరుగా కౌంటర్ దగ్గరికి వచ్చింది.

"ఎలా ఉన్నావమ్మా?"

"నిన్న వంట నా వంతు, పప్పు చేశానాంటీ. ఉప్పు సరిగ్గా సరిపోయింది. ఇన్నాళ్ళూ నాకు ఉప్పెంతో తెలిసేది కాదు."

మందు పనిచేస్తోందని నాకు ఆ రోజు తెలిసింది. డాక్టర్లు వాడే ప్రశ్నల్లో ఈ పప్పూ ఉప్పూ ఉండవు గానీ, మన వాళ్ళని అడగాల్సింది అదే. ఆమె వెళ్ళాక మా టెక్నీషియన్‌కి చెబితే, ఆవిడ పంజాబీలో దేవుడికి దణ్ణం పెట్టింది.

ఇక ఆ శనివారం. మధ్యాహ్నం, బయట మంచు, లోపల జ్వరాల క్యూ. ఫోన్ మోగింది. అవతల ఎవరో తెలంగాణ అమ్మాయి గొంతు.

"ఆంటీ, నేను దీని రూమ్మేట్‌ను. దీని ఫోన్ల మీ నంబర్ ఉంటే కొట్టిన. దీనికి మంచిగ లేదాంటీ. పొద్దుగాల సంది ఒక్క తీరుగ ఒణుకుతున్నది. ఒళ్ళంత చెమటలు. కూసోమంటే కూసోదు, అటిటు తిరుగుతనే ఉన్నది. గుండె దడదడ అంటున్నదంట. మోషన్స్ గూడ అయితున్నయ్."

భీమవరం పిల్ల పేరు చెప్పింది.

"ఏం వేసుకుంది?"

"జలుబు, దగ్గు ఉండె. వేర్‌హౌస్‌ల డబ్బాలు లేపి లేపి నడుము పట్టేసింది. నిన్నటి సంది మా డబ్బాల గోలీలే ఇస్తున్నం. మేమే ఇచ్చినం ఆంటీ, దానికేం ఎరుకలే."

ఆ డబ్బా ఏమిటో అడిగితే చెప్పింది. వచ్చేటప్పుడు ఆరుగురు అమ్మలూ ఆవకాయ పక్కన తలా ఒక మందుల పౌచ్ సర్ది పంపారు. బేస్‌మెంట్‌లో బియ్యం, పప్పు, నూనె అన్నీ ఉమ్మడే కాబట్టి, ఆ పౌచ్‌లన్నీ కూడా ఒక ఖాళీ బిస్కెట్ డబ్బాలో కుమ్మరించి వంటింటి అలమరలో పెట్టుకున్నారు. ఎవరికేం వచ్చినా అందులోంచే. ఒకళ్ళకి ఒళ్ళు బాగోకపోతే మిగతా అయిదుగురూ వంతులేసుకుని వేళకి మాత్రలు మింగిస్తారు. అంత ప్రేమగా ఉండే పిల్లల్ని పట్టుకుని ఏమని తిట్టను?

"ఏ గోలీ ఇచ్చావ్? పేరు చదువు."

"కవర్ మీద ‘బాగా నొప్పి’ అని ఉన్నదాంటీ. మా అమ్మ రాసింది. ఇంకొకటున్నది, ‘నొప్పి’ అని. అది తక్కువ నొప్పికి."

"అమ్మ రాసింది వద్దు. స్ట్రిప్ మీద ఏముందో చదువు."

మన దగ్గర మందుల షాపుల్లో స్ట్రిప్ కత్తెరతో కత్తిరించి ఇస్తారు కదా, పేరున్న ముక్క ఎక్కడో పోయింది. డబ్బా అంతా కింద పోసి వెతుకుతున్న చప్పుడు నాకు వినపడుతోంది. చివరికి పేరున్న ముక్క ఒకటి దొరికింది. ట్రామడాల్. దగ్గుకి సిరప్ కూడా పట్టించారట, ఆ సీసా మీది పేర్లూ చదివించాను. ఆమె మందుతో కలవకూడనిది అందులోనూ ఉంది.

ఈ వృత్తిలో లేనివాళ్ళకి ఒక్క ముక్కలో చెప్తాను. మెదడులో సెరొటోనిన్ అనే పదార్థం ఉంటుంది. ఆ అమ్మాయి వాడే మందు దాన్ని కొంచెం పెంచుతుంది, అది మంచికే. ఆ నొప్పి మాత్రా, ఆ దగ్గు మందూ కూడా దాన్నే పెంచుతాయి. మూడూ కలిసి, పైగా వేళ తప్పకుండా పడేసరికి అది హద్దు మీరింది. వణుకు, చెమట, దడ, విరేచనాలు అన్నీ దాని గుర్తులే. అక్కడితో ఆగకపోతే జ్వరం ఎక్కి, ఫిట్స్ వచ్చి ప్రాణమే పోవచ్చు.

"వెంటనే అంబులెన్స్ పిలువు" అన్నాను.

"అంబులెన్సా? వద్దాంటీ! దాని స్టడీ పర్మిట్ ఎక్స్‌టెన్షన్ నడుస్తున్నది. హాస్పిటల్ రికార్డులకెక్కితే ప్రాబ్లమైతదని అందరంటరు. జలుబు గోలీలకు అంబులెన్స్ ఎవరు పిలుస్తరు చెప్పుండ్రి?"

అందరంటరు! ఆ అందరూ ఎవరో నాకు ఒక్కరైనా దొరికితే బాగుండుననిపించింది. హాస్పిటల్‌కి వెళ్ళినంత మాత్రాన పర్మిట్ పోదని ఎంత చెప్పినా ఆ పిల్లకి నమ్మకం కలగడం లేదు. జలుబు మాత్రలకి ఇంత హడావిడి ఏమిటన్నది ఆమె అనుమానం, ఆమెకి తెలిసినంతలో అది న్యాయమే. అసలు కారణం నాకు తెలుసు, చెప్పడానికి వీల్లేదు. ప్రాణం మీదికి వచ్చినప్పుడు డాక్టర్లకి చెప్పొచ్చు, చట్టమే ఒప్పుకుంటుంది. రూమ్మేట్‌కి చెప్పమని మాత్రం చట్టం అనలేదు, నేను మాట కూడా ఇచ్చాను.

తల తిప్పి చూస్తే మా టెక్నీషియన్ నా పక్కనే నిలబడి ఉంది. నా మొహం చూసే వచ్చిందట. కంప్యూటర్లో ఆ అమ్మాయి అడ్రస్ వేలితో చూపించాను. ఇంకేం అడక్కుండా రెండో ఫోన్ తీసి అంబులెన్స్ పిలిచింది. "బేస్‌మెంట్! పక్క తలుపు! ముందు తలుపు కొడుతూ నిలబడకండి, పైవాళ్ళు తియ్యరు!" అని అరుస్తోంది. క్యూలో ఉన్నవాళ్ళంతా దగ్గడం మానేసి వింటున్నారు. ఆ గొంతుని నేను ఇన్నేళ్ళు విసుక్కున్నానే అనుకున్నాను.

ఇప్పుడు నా భయం వేరే. అంబులెన్స్ వాళ్ళు వస్తారు, రోజూ వాడే మందులేమైనా ఉన్నాయా అని అడుగుతారు. చుట్టూ అయిదుగురు రూమ్మేట్లు ఉంటారు. ఆ పిల్ల ఏమీ లేవంటుంది. నేను హాస్పిటల్‌కి ఫోన్ చేసి చెప్పగలను, కానీ నా మాట సరైన మనిషి చెవిన పడేలోపు ఎవరో ఇంకేదైనా మందు ఇచ్చేస్తే?

"ఫోన్ దానికివ్వు. స్పీకర్ తీసెయ్" అన్నాను.

ఆ పిల్ల పళ్ళు టకటక కొట్టుకుంటున్నాయి. "ఆంటీ... చెప్పేశారా?"

"లేదు, చెప్పను. నువ్వే చెప్పాలి. ఇంకాసేపట్లో అంబులెన్స్ వస్తుంది. వాళ్ళకీ, నీ పక్కనున్న వాళ్ళకీ చెప్పు. సీసా చేత్తో పట్టుకుని వెళ్ళు."

"సీసా లేదాంటీ. విటమిన్ డబ్బాలో పోసేశాను. ఆళ్ళంతా ఇక్కడే ఉన్నారు... అమ్మకి తెలిసిపోద్దాంటీ."

"తెలియనీ తల్లీ. బతికున్న కూతురి సంగతే కదా తెలిసేది."

ఆ మాట నేను ఆలోచించి అనలేదు. అన్నాక నా కళ్ళలోనే నీళ్ళు తిరిగాయి. తర్వాత ఆ పిల్ల గొంతు, నాతో కాదు.

"ఒసే, నా షెల్ఫ్‌లో విటమిన్ డబ్బా తేవే. అది విటమిన్ కాదు. డిప్రెషన్‌కి మందు. మీకు చెప్పలేదు."

అప్పుడు నాకు ఫోన్ చేసిన తెలంగాణ పిల్ల గొంతు వినిపించింది.

"సరే తీ. ముందుగాల బూట్లేస్కో. బయట మంచు ఉన్నది."

బిస్కెట్ డబ్బా కూడా పట్టుకెళ్ళమని కేకేశాను. ఆ రూమ్మేటే పట్టుకెళ్ళింది. హాస్పిటల్ డాక్టర్ నా ఫోన్ విసుక్కోకుండా తీసుకుని, నేను చెప్పిందంతా విని, వాళ్ళు తెచ్చిన స్ట్రిప్‌లతో సరిచూసుకున్నాడు. ఆ మందులన్నీ ఆపి, వణుకు తగ్గించే మందిచ్చి కనిపెట్టుకుని ఉన్నారు. వేళకి తెచ్చారు, ఏం తిన్నదో తెలిసింది, అందుకే తేలికైందని ఆయనే నాకు చెప్పాడు. ఆ సాయంత్రం మా టెక్నీషియన్ పక్క షాపు నుంచి జిలేబీ తెచ్చి నా ముందు పెట్టింది. నాకు షుగరుందని ఆమెకి తెలుసు. అయినా ఒకటి తినమంది, తిన్నాను.

కొద్దిరోజుల తర్వాత ఆరుగురూ కలిసి షాపుకి వచ్చారు. తెలంగాణ అమ్మాయి చేతిలో ఆ డబ్బా. హెడ్‌మాస్టర్ గదిలోకి వచ్చినట్టు వరసగా నిలబడ్డారు. డబ్బా కౌంటర్ మీద బోర్లించాం. గడువు దాటినవి, పేరు లేనివి, ముక్కలు చేసినవి, కరిగి అంటుకుపోయినవి. అన్నింటితోపాటు చిన్నచిన్న కవర్లు, వాటిమీద ఆరు రకాల చేతిరాతలు. ‘జ్వరం’, ‘కడుపులో తిప్పితే’, ‘బాగా నొప్పి’. ఒకదాని మీద ‘ఇది వేసుకుని నాకు ఫోన్ చెయ్యి’ అని ఉంది. మాత్రలన్నీ పారేసే డబ్బాలో వేశాం. ఆ కవర్లు మాత్రం పిల్లలు వెనక్కి అడిగి పట్టుకెళ్ళారు. డాక్టర్ మళ్ళీ మొదలుపెట్టమన్నాక భీమవరం పిల్ల తన మందు తీసుకోవడానికి వచ్చింది. ఈసారి స్టిక్కర్ మాట ఎత్తలేదు.

వాళ్ళమ్మకి తెలిసిందా అని మా మనవరాలు అడిగింది. తెలిసింది, ఆ పిల్లే చెప్పింది. రెండురోజులు ఏడ్చి, మూడోరోజు ఆ అమ్మ నాకే ఫోన్ చేసింది. "ఆ మందు ఏం తిని వేసుకోవాలండీ?" అని అడిగింది. అంతకు మించి ఆవిడ నన్నేమీ అడగలేదు.

మంచు కరిగాక ఒక ఆదివారం నన్నూ మా టెక్నీషియన్‌నీ బేస్‌మెంట్‌కి భోజనానికి పిలిచారు. పక్క తలుపు నుంచి తల వంచుకుని దిగాం. పప్పు భీమవరం పిల్లే చేసింది. నిజం చెప్పాలంటే ఉప్పు కొంచెం ఎక్కువైంది. నేను రెండుసార్లు వడ్డించుకున్నాను.

చెయ్యి కడుక్కుంటూ చూస్తే పొయ్యి పక్కన అలమరలో పోపుల డబ్బా, దాని పక్కన మా షాపు మందు సీసా. లేబుల్ చిరగలేదు, పేరు స్పష్టంగా కనపడుతోంది. దాని వెనకాల ఇంకో సీసా. అది మా షాపుది కాదు, బస్సెక్కి వెళ్ళాల్సినంత దూరంలో ఉన్న ఫార్మసీది. అదే రకం మందు. పేరు చూశాను, ఆ శనివారం నాకు ఫోన్ చేసిన పిల్లది.

ఆమె నా వెనకే తువ్వాలు పట్టుకుని నిలబడి ఉంది.

"ఎప్పట్నుంచి?" అన్నాను.

"డాక్టర్ రాసి చాన రోజులైంది ఆంటీ. కొని దాస్పెట్టిన, భయమై ఏసుకోలే. ఇది మా అందరి ముంగట దాని సంగతి చెప్పినంక, మల్ల డాక్టర్‌కాడికి పోయి అడిగి మొదలువెట్టిన."

"మరి మా షాపులో కొనొచ్చుగా? నడిచొచ్చే దూరమేగా?"

"మీరు తెలుగోళ్లు కద ఆంటీ" అంది, నవ్వుతూ.

నాకూ నవ్వొచ్చింది. నా ఉద్యోగంలో నేను పొందినదానికి ఎవరికి దణ్ణం పెట్టాలని ఎవరైనా అడిగితే, గొంతు చించుకుని అడ్రస్ చెప్పిన ఆ పంజాబీ ఆవిడకి, వణుకుతూ నిజం చెప్పిన ఆ పిల్లకి, అది విని బూట్లేసుకోమన్న ఈ పిల్లకి పెడతాను. ఫ్రేము కట్టించుకున్న నా లైసెన్సు వీళ్ళ తర్వాతే.

మందులు పొయ్యి పక్కన పెట్టకూడదు, వేడికి పాడవుతాయి. ఆ రెండు సీసాలూ తీసి, దూరంగా ఉన్న అరలోకి మార్చాను. లేబుళ్ళు మాత్రం ముందుకే తిప్పి పెట్టాను.